తీపి లేని చక్కెర

'కలుషితం' అన్న మాటను చక్కెరమ్మ మూడుసార్లు చదివింది. మూడుసార్లూ అది అలాగే ఉంది. దాని కింద ఆమె సంతకం కూడా అలాగే ఉంది.

సంతకం ఆమెదే. మాట మాత్రం ఆమెది కాదు. నిన్న సాయంత్రం చేతులు కడుక్కుని ఇంటికి బయల్దేరుతుంటే గుమాస్తా ఫారం పట్టుకొచ్చి, "ఫలితం తర్వాత టైపు చేసుకుంటాం, మీరొక సంతకం పడేసి వెళ్ళండమ్మా, రేపు పొద్దున్నే పోవాలి" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఖాళీ కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టని మనిషి, బస్సు వెళ్ళిపోతుందని నిన్న పెట్టేసింది. ఇప్పుడు దాని నకలు ఆమె బల్లమీదే కూర్చుని ఆమెను వెక్కిరిస్తోంది.

"మృతురాలి రక్తంలో పెరిగినది నోటిలో మామూలుగా ఉండే, హాని చెయ్యని సూక్ష్మజీవి. దీనికి చక్కెర తొడుగు లేదు. రక్తం తీసేటప్పుడు నమూనా కలుషితమైంది. మరణానికి దీనితో సంబంధం లేదు."

మృతురాలంటే ఇరవై మూడేళ్ళ పిల్ల. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. పోయిన సోమవారం సాయంత్రం జ్వరంతో తన కాళ్ళమీద తనే నడిచొచ్చి ఆసుపత్రిలో చేరింది. బుధవారం పొద్దుటికి లేదు.

చక్కెరమ్మ అసలు పేరు ఆ ఆసుపత్రిలో సగంమందికి తెలియదు. ల్యాబులో ఎవరు కొత్తగా చేరినా మొదటి రోజు కూర్చోబెట్టి ఒకటే పాఠం చెబుతుంది. "సూక్ష్మజీవిని చూసి భయపడకండి. దాని ఒంటిమీది చక్కెరను చూసి భయపడండి" అంటుంది. అది తీపి ఉండని చక్కెర. పొడుగాటి గొలుసులుగా అల్లుకుని సూక్ష్మజీవి చుట్టూ జిగురు తొడుగులా పట్టుకుని ఉంటుంది. ఒంటికి నూనె రాసుకున్న దొంగను పట్టుకోబోతే ఎలా జారిపోతాడో, రక్తంలో కాపలా తిరిగే కణాల చేతుల్లోంచి ఇదీ అలాగే జారిపోతుంది. ఆ చక్కెర ఆనవాలు ముందే తెలిసిన ప్రతిరక్షకాలు ఒంట్లో ఉంటే అవి వెళ్ళి కొక్కేల్లా తగులుకుంటాయి, కాపలా కణాలకు పట్టు దొరుకుతుంది. లేకపోతే దొంగదే రాజ్యం. అదే తొడుగు ఊడిందనుకోండి, ఆ సూక్ష్మజీవి రక్తంలో ఒక పూట గడపలేదు. నమిలి మింగేస్తాయి.

అందుకే ఆ రిపోర్టు చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొడుగు లేనిది మనిషిని రెండు రోజుల్లో చంపలేదు. చంపినదానికి తొడుగు ఉంది. మొదటి రోజు మైక్రోస్కోపు కింద ఆమె కళ్ళారా చూసింది కూడా. జంటలు జంటలుగా సూక్ష్మజీవులు, ఒక్కో జంట చుట్టూ తెల్లటి వలయం. చూడగానే పోల్చుకుంది, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్. నోటుబుక్కులో బొమ్మ వేసి పెట్టుకుంది.

మరి ఆ తొడుగు ఎక్కడికి పోయింది? ఎక్కడికి పోయిందో కూడా ఆమెకు తెలుసు. అదే అసలు మంట.

తలుపు తోసుకుని మూడో వార్డు నర్సు వచ్చింది. చేతిలో మడతలు పడ్డ మెమో.

"అక్కా, ఇది చూశావా? రక్తం తియ్యడం నాకు రాదంట. పదకొండేళ్ళ నుంచీ నేను తీసేది రక్తమా, రంగునీళ్ళా?"

"చూశాను."

"చర్మం తుడవకుండా సూది గుచ్చానంట. రెండుసార్లు తుడిచాను అక్కా ఆ పిల్ల చెయ్యి. 'చల్లగా బాగుంది సిస్టర్, ఇంకోసారి తుడవండి' అని నవ్వింది కూడా, ఒళ్ళు అంతలా కాలిపోతూ." నర్సు మెమోను బల్లమీద కొట్టింది. "కింద నీ సంతకం చూసి వచ్చాను. ఇంకెవరిదైనా అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని."

చక్కెరమ్మ రిపోర్టు నకలు బోర్లించి, "సాయంత్రంలోపల ఆ మెమో వెనక్కి తీయిస్తాను" అంది. ఎలాగో ఆమెకే తెలియదు.

నర్సు అటు వెళ్ళిందో లేదో ఫోను మోగింది. తమ్ముడి కూతురు. ఆ బట్టల ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంది, ఫ్యాక్టరీవాళ్ళ హాస్టల్లోనే ఉంటుంది. చనిపోయిన పిల్లదీ ఈ పిల్లదీ ఒకటే గది.

"అత్తా, మా గుండీలక్కకి జ్వరమొచ్చింది. గుండీలు కుట్టే అక్క, చెప్పాను కదా. నిన్నట్నుంచీ తల పగిలిపోతోందంటోంది. ఇప్పుడైతే మెడ కూడా వంచలేకపోతోంది. వార్డెనేమో జ్వరం బిళ్ళిచ్చి పడుకోమంది."

"పడుకోవడమేంటే? వెంటనే ఆసుపత్రికి తీసుకురా!"

"గేటు పాసు ఇవ్వట్లేదత్తా. ఏమీ లేదని మీ ఆసుపత్రి నుంచి రిపోర్టు వచ్చేసిందంట కదా. ఆ పిల్ల బయట తిండి తిని పోయిందని మీటింగు పెట్టి మరీ చెప్పారు. మూడింటికి ఎవరో ఆఫీసరమ్మ మీ దగ్గరికొచ్చి ఫైలు మూసేస్తుందంట. రేపు కొత్తవాళ్ళు దిగుతున్నారు, మా గదిలోకి ఇంకో నలుగురు."

"ఇప్పుడెంతమంది ఉన్నారు గదిలో?"

"పన్నెండుమందిమి."

"నీకెలా ఉంది?"

"కొంచెం దగ్గు. అంతే. నువ్వు కంగారు పడి నాన్నకి చెప్పకు."

చక్కెరమ్మ ఫోను గట్టిగా చెవికి అదుముకుంది. ఆ కంగారు గొంతులో వినపడనివ్వలేదు. "ఫోను వార్డెనుకియ్యి" అంది.

వార్డెను తీరిగ్గా వచ్చి, "చెప్పండి" అంది.

"నేను ఆసుపత్రి ల్యాబు నుంచండీ. ఆ అమ్మాయిని తక్షణం పంపించండి. పోయిన పిల్ల రక్తంలో ఉన్నది మామూలుది కాదు. దానికి చక్కెర తొడుగుంది..."

"షుగరా? ఈ పిల్లకి షుగరేంటండీ! నిండా ముప్పై లేవు. టీలో మూడు చెంచాలేసుకుంటుంది."

"షుగరు మనిషిక్కాదు తల్లీ, సూక్ష్మజీవికి."

"సూక్ష్మజీవికి షుగరొస్తే దానికే మందిప్పించుకోండి. మా పిల్లలకి ఏమీ లేదని మీ ఆసుపత్రి కాగితమే నా చేతిలో ఉంది. కింద సంతకం కూడా ఉంది."

టక్కున ఫోను పెట్టేసింది.

చక్కెరమ్మ గోడ గడియారం చూసింది. పదకొండుంబావు. మూడింటికి ఫైలు మూస్తారు. ఫైలు మూసుకుంటే ఆ గేటు తెరుచుకోదు. గేటు తెరుచుకోకపోతే గుండీలక్క రేపటిదాకా ఉండదు. ఆ తర్వాత ఎవరన్నది తలుచుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. నోటుబుక్కు చంకన పెట్టుకుని డైరెక్టరు గదికి నడిచింది.

డైరెక్టరు ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. బల్ల మీద అద్దం, అద్దం మీద మూడు పెన్నులు, మూడూ గీత గీసినట్టు ఒకే వరసలో. ఆయన వచ్చాక ల్యాబుకు 'అత్యంత శుభ్రమైన ల్యాబు' అని రెండుసార్లు బహుమతి వచ్చింది. వరండా పొడుగునా సూక్ష్మజీవులను పెంచే ప్లేట్ల ఫొటోలు ఫ్రేములు కట్టించి పెట్టాడు. ఒక్కో ప్లేటు మీదా ముత్యాలు పేర్చినట్టు సూక్ష్మజీవుల మచ్చలు.

ఆ శుభ్రమే కొంప ముంచింది. మొదటి ప్లేటు పెరిగిన రోజు ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఎర్రటి ప్లేటు నిండా జిగురు బొట్లు, నూనె చుక్కల్లా మెరుస్తూ, కొన్ని ఒకదాన్నొకటి కలిసిపోయి ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ ఐదారు పొడి మచ్చలు. ఆయన ముక్కు చిట్లించి, "ఏమిటీ చీమిడి? ఆ పొడిగా, గుండ్రంగా ఉన్నదాన్ని ఏరి కొత్త ప్లేటు మీదికి మార్చండి. రిపోర్టులో ఫొటో పెట్టాలి" అన్నాడు. "సార్, ఆ జిగురుగా ఉన్నదే అసలుది" అందామె. "నాకు పాఠాలు చెప్పకండమ్మా" అన్నాడు.

ఆమె ఏరింది. ఆమె చేత్తోనే ఏరింది. ఆ తర్వాత ఆరు రోజులు రోజుకో కొత్త ప్లేటు. ప్లేటు మీద తిండి పుష్కలం, కాపలా శూన్యం. కాపలా లేని ఇంట్లో దొంగకు నూనె దేనికి? తొడుగు మోసేవి వెనకబడతాయి, వదిలేసినవి బలిసి పెరుగుతాయి. ఏడో రోజుకు ప్లేటు నిండా గుండు కొట్టించుకున్నవే మిగిలాయి. వాటిని పరీక్ష చేసి, తొడుగు లేదు పొమ్మన్నారు.

"సార్, ఆ రిపోర్టు వెనక్కి తెప్పించండి" అంది చక్కెరమ్మ.

"కూర్చోండమ్మా."

"నిలబడే చెబుతాను. మనం పరీక్ష చేసింది హంతకుణ్ణి కాదు. వాడికి గుండు గీసి, వేషం మార్చి, ఆ మనిషిని చూసి వీడు కాదన్నాం."

ఆయన నవ్వాడు. "మీ పోలికలు భలేగా ఉంటాయి. రుజువేదీ?"

"నా నోటుబుక్కులో మొదటి రోజు బొమ్మ ఉంది."

"బొమ్మలా! డ్రాయింగు క్లాసా అమ్మా ఇది?"

"తొడుగులోని చక్కెరను పట్టే లేటెక్స్ పరీక్ష మొదటి రోజే చేద్దామన్నాను. కిట్టు ముట్టుకోవద్దన్నారు మీరు."

"ఆ కిట్టు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బట్టలు కుట్టేవాళ్ళ జ్వరాలన్నిటికీ వాడేస్తే, రేపు అవసరమైనవాళ్ళకి ఏం చేస్తాం?"

"అవసరమైనవాళ్ళంటే ఎవరు సార్?"

ఆయన మూడో పెన్ను కొంచెం పక్కకు జరిగితే సర్దాడు.

"పోనీ, రక్తం సీసా ఉంది కదా. దాంట్లోంచి ఇప్పుడు తీసి చూద్దాం" అందామె.

"ఏడు రోజులు దాటిందమ్మా. నియమం ప్రకారం ఇందాకే వ్యర్థాల్లో పంపించేశాను. మనది శుభ్రమైన ల్యాబు."

మిగతాది వినడానికి ఆమె అక్కడ లేదు. చెప్పులు చేత పట్టుకుని మూడంతస్తుల మెట్లు దిగింది. నేలమాళిగలో, ఆవిరి గదిలో ఉంటుంది ఆటోక్లేవు. వాడేసిన సీసాలు, ప్లేట్లు అన్నిటినీ మూసిన పీపాలో అధిక ఒత్తిడి ఆవిరితో ఉడికించే యంత్రం. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ ఆవిరన్న అంటారు. ఆయన స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"అన్నా, ఆపు! ఆపెయ్!"

"ఆపడానికిదేమన్నా ఫ్యానా చెల్లెమ్మా? నూట ఇరవై ఒక్క డిగ్రీలకెక్కి కూర్చుంది. ఇప్పుడు తలుపు తీస్తే నిన్నూ నన్నూ కలిపి వార్చేస్తుంది."

"మా ల్యాబు సంచీ?"

"లోపలే. మీ డైరెక్టరు ఫోను చేసి మరీ చెప్పాడు, ముందు మీదే వెయ్యమని."

ఆమె గోడకు చేరగిలబడింది. ఆ యంత్రంలోంచి ప్రాణమున్నది ఏదీ ప్రాణంతో బయటికి రాదు. ఆ పిల్ల రక్తంలో దాక్కున్న హంతకుడు ఆ నిమిషాన ఆ ఇనుప పీపాలో ఉడికి చస్తున్నాడు, సాక్ష్యమంతా తనతోనే పట్టుకుపోతూ. ముందు మీదే వెయ్యమన్నాడట! అది శుభ్రమా, దొంగపనా? ఆమె పళ్ళు పటపటా కొరికింది.

"అంత కోపమెందుకే? లోపల ఉన్నవి చావాల్సినవేగా. చంపడానికేగా నాకు జీతమిచ్చేది" అన్నాడు ఆవిరన్న.

చక్కెరమ్మ తలెత్తింది. "ఏమన్నావ్?"

"చంపడానికేగా..."

"సూక్ష్మజీవి చస్తుంది." ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది. "చక్కెర చావదన్నా. దానికి ప్రాణముంటే కదా చావడానికి!"

"చక్కెరని ఉడికిస్తే పాకం పడుతుందని తెలుసు గానీ..."

"ఇది పాకం పట్టే చక్కెర కాదు. ఈ వేడికి సూక్ష్మజీవి చితికిపోతుంది, తొడుగులోని చక్కెర మాత్రం సీసాలోని నీళ్ళలో కలిసి అలాగే ఉంటుంది. వెనకటి రోజుల్లో ఒంటిమీది చక్కెర ఒలవడానికి కావాలనే ఉడికించేవాళ్ళు." ఆమె ముఖంలోకి రక్తం వచ్చింది. "తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?"

"ఒంటిగంటకి. కానీ చెల్లెమ్మా, ఇక్కడికి దిగినది మళ్ళీ పైకెక్కకూడదు. అది రూలు."

"పోయిన పిల్ల గదిలోనే నా మేనకోడలుంది. నీ మేనకోడలైతే ఈ రూలు చెప్పేవాడివా?"

ఒంటిగంటకు తలుపు తెరుచుకుంది. ఆవిరి ఒక్కసారిగా గదంతా కమ్మేసింది. అది విడిపోయాక కూడా ఆవిరన్న కళ్ళజోడు తుడుచుకోలేదు. "అద్దాలు మసకబారాయి. నాకేమీ కనపడట్లేదు. ఒక పావుగంటదాకా కనపడేట్టు లేదు" అని గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

సంచీలో మూడు సీసాలున్నాయి. ఒకటి చనిపోయిన పిల్లది. రెండోది మూత్రం ఇన్‌ఫెక్షనుతో వచ్చిన ముసలాయనది, అందులో పెరిగింది వేరే జాతి సూక్ష్మజీవి. మూడో సీసాలో ఏమీ పెరగలేదు. మూడింట్లోనూ రక్తం ఉడికి గడ్డకట్టి కాఫీ మడ్డిలా తయారైంది. ఆమె మూడూ తీసుకుంది. ఒక్కటే తీసుకెళితే, ఉడికిన రక్తం ఏదైనా పరీక్షలో ఇలాగే చూపిస్తుందంటాడు డైరెక్టరు. ఆ నోరు ముందే మూయించాలి.

ఆమె పైకి వచ్చేసరికి, మూడింటికి రావాల్సిన తనిఖీ అధికారిణి అప్పటికే దిగింది. సమావేశం గదిలో టీ కప్పులు, మధ్యలో ఫైలు, ఆమె చేతిలో మూత తీసిన పెన్ను. యాభై ఏళ్ళ మనిషి, పొద్దున్నుంచీ ఇది నాలుగో ఫైలని ముఖమే చెబుతోంది.

చక్కెరమ్మ తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళింది.

"మీటింగు జరుగుతోందమ్మా" అన్నాడు డైరెక్టరు.

"తెలుసు సార్. మేడమ్, ఆ రిపోర్టు కింద సంతకం నాది. పైన రాసింది అబద్ధం."

పెన్ను గాలిలో ఆగిపోయింది. "అబద్ధానికి సంతకమెందుకు పెట్టారు?" అంది అధికారిణి.

"ఖాళీ కాగితం మీద పెట్టాను. తప్పు నాదే. దానికి నన్నేం చేసినా చెయ్యండి. కానీ ముందు నాకు ముప్పావుగంట ఇవ్వండి. అదే గదిలో ఇంకొకామె మెడ బిగుసుకుపోయి పడుంది. గేటు తియ్యట్లేదు. మీరు ఆ ఫైలు మూస్తే ఆమెనూ మూసినట్టే."

డైరెక్టరు లేచాడు. "మేడమ్, ఈవిడ మేనకోడలు ఆ హాస్టల్లోనే ఉంటుంది. అందుకే ఈ కంగారంతా."

"ఉంది" అంది చక్కెరమ్మ. "ఆ గదిలో మిగతా పదకొండుమంది కూడా ఎవరో ఒకరి మేనకోడళ్ళే. వాళ్ళ మేనత్తలకి ల్యాబులో ఉద్యోగం లేదు, అంతే తేడా."

అధికారిణి పెన్నుకు మూత పెట్టింది. "పరీక్ష చేసి చూపించండి."

"ఉడికించిన వ్యర్థంతో పరీక్షా?" డైరెక్టరు గొంతు పెరిగింది. "ఇది ఏ నియమావళిలో ఉంది?"

"నియమావళిలో లేనిది రక్తంలో ఉండకూడదా డాక్టరుగారూ?" అంటూ అధికారిణి లేచి బయల్దేరింది.

ల్యాబులో చక్కెరమ్మ మూడు సీసాల్లోంచి మడ్డి తీసి గిర్రున తిప్పే యంత్రంలో పెట్టింది. గడ్డ అడుక్కు దిగి పైన తేట నిలిచింది. అప్పుడు ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. "మేడమ్, మీరే గొట్టాల్లో పోయండి. ఒకటి, రెండు, మూడు అని మీకిష్టమొచ్చిన వరసలో అంకెలెయ్యండి. ఏది ఎవరిదో నాకు చెప్పకండి. కాగితం మీద రాసి మీ సంచీలో పెట్టుకోండి. నేను అటు తిరిగి ఉంటాను."

అధికారిణి అలాగే చేసింది. డైరెక్టరు చేతులు కట్టుకుని, ఆమె వెనక నిలబడి ప్రతి గొట్టాన్నీ చూశాడు.

ఫ్రిజ్ తీసి చక్కెరమ్మ కిట్టు బయట పెట్టింది. ముట్టుకోవద్దన్న కిట్టు. చిన్న సీసాలో పాలలాంటి తెల్లటి ద్రవం. ఆ తెలుపంతా కంటికి ఆనని రబ్బరు పూసలు. ఒక్కో పూస ఒంటినిండా న్యుమోకాకస్ చక్కెరను పట్టుకునే ప్రతిరక్షకాలు. ఎదట ఆ చక్కెర ఉంటే పూసలన్నీ దాన్ని పట్టుకుని గుంపులు కడతాయి. లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి.

నల్లటి అట్ట మీద మూడు వలయాలు. ఒక్కో వలయంలో ఒక్కో గొట్టంలోని చుక్క, దాని పక్కన తెల్లటి చుక్క. పుల్లతో కలిపి, అట్టను చేతుల్లో పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపసాగింది.

ముప్పై సెకన్లు. ఏమీ లేదు.

నిమిషం. మూడు వలయాలూ తెల్లగా, నున్నగా ఉన్నాయి. డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. చక్కెరమ్మ అట్టను ఇంకా ఊపుతూనే ఉంది. వేడి ఎక్కువైందా? ఆ జిత్తులమారి చక్కెర కూడా ఈసారి చేయిచ్చిందా?

నిమిషన్నర. రెండో వలయం అంచున సన్నటి రవ్వ పడింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే వలయమంతా పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలైపోయింది. ఒకటీ మూడూ కదల్లేదు.

"రెండు" అంది చక్కెరమ్మ.

అధికారిణి సంచీలోంచి కాగితం తీసి, మడత విప్పి, బల్లమీద డైరెక్టరు వైపు తిప్పి పెట్టింది. రెండు: ఆ పిల్ల.

చక్కెరమ్మ అక్కడితో ఆగలేదు. న్యుమోకాకస్ తొడుగుల్లో వందకు పైగా రకాలున్నాయి. కిట్టులోని మిగతా సీసాలు ఒక్కోటీ తీసి అది ఏ రకమో పట్టింది. పట్టాక ఆమెకు ఇంకా ఒళ్ళు మండిపోయింది. ఊపిరి తగిలేంత ఇరుకులో మనుషుల్ని కుక్కిన చోట చిచ్చులా పాకే రకం అది. టీకాలో ఉన్న రకం. టీకా అంటే ఇదే చక్కెరను ముందుగా తెచ్చి ఒంట్లోని కాపలావాళ్ళకు చూపించి, వీడొస్తే వదలకండని చెప్పడం. ఒక్క సూదిమందు పడుంటే ఆ పిల్ల ఇవాళ కాజాలు కుట్టుకుంటూ ఉండేది.

అధికారిణి ఫోను తీసింది. "ఫ్యాక్టరీ మేనేజరా? హాస్టలు గేటు తెరవండి. ఏ పాసూ అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో తెరవకపోతే పోలీసులతో వచ్చి నేనే తెరుస్తాను."

అంబులెన్సులో చక్కెరమ్మ కూడా ఎక్కింది, మూడో వార్డు నర్సు పక్కనే. గేటు దగ్గర వార్డెను నిలబడి ఉంది. "ఏమ్మా, ఇందాక షుగరన్నారు, ఇప్పుడింత హడావిడేంటి?" అని ఇంకా అడుగుతోంది. చక్కెరమ్మ ఆమెను పక్కకు తోసుకుని మెట్లెక్కింది.

గది తలుపు తెరవగానే ముక్కిపోయిన వేడి గాలి ముఖాన కొట్టింది. మూడంతస్తుల ఇనుప మంచాలు నాలుగు, వాటి మధ్య నేల మీద చాపలు. ఒక్క కిటికీ, దానికి బయటినుంచి చెక్క వేసి మేకులు కొట్టారు. ఖాళీగా ఉన్న ఒక్క పక్క మీద అప్పుడే కొత్త దుప్పటి పరిచి, రేపు రాబోయే మనిషి నంబరు చీటీ అంటించారు. ఆ పిల్ల పోయి వారం. చీటీ మీద జిగురు ఇంకా తడిగానే ఉంది.

కింది మంచం మీద గుండీలక్క ఏదేదో గొణుగుతోంది. మేనకోడలు ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అత్తా, పది నిమిషాల నుంచీ నన్ను గుర్తుపట్టట్లేదు."

"లే. నువ్వూ ఎక్కు బండి. దగ్గేది నువ్వే కదా."

"సూపర్‌వైజరు జీతం కోస్తాడత్తా..."

"వాణ్ణి నన్ను కొయ్యమను ముందు!"

దింపుతున్న స్ట్రెచరు మీదే నర్సు రక్తం తీసి, మందు ఎక్కించింది. తీసేముందు చర్మాన్ని మూడుసార్లు తుడిచింది, వార్డెను చూస్తుండగా, కావాలనే.

గుండీలక్క బతికింది. ఎడమ చెవి పోయింది. జ్వరం మెదడు పొరలదాకా పాకితే అలా పోతుందట, ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే మిగిలేదేమోనన్నాడు డాక్టరు. హాస్టల్లో మరో ముగ్గురి రక్తంలో అదే రకం దొరికింది, ముగ్గురూ నిలబడ్డారు. మేనకోడలిది మామూలు దగ్గే. నాలుగు రోజుల్లో హాస్టలంతటికీ టీకా పడింది. నర్సు మెమో వెనక్కి తీసుకున్నారు, క్షమాపణ లేకుండా, ఒక్క లైను కాగితంతో.

కొత్త రిపోర్టు వచ్చింది. "మా ల్యాబు ప్రత్యేక పద్ధతిలో గుర్తించింది" అని డైరెక్టరు పేరుతో మొదలైంది. చక్కెరమ్మ చదివి పక్కన పెట్టింది.

దాని వెనకే ఆమెకొక మెమో వచ్చింది. అనుమతి లేకుండా వ్యర్థాల గది నుంచి సామగ్రి తరలించినందుకు, నిషేధించిన కిట్టును వాడినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

మూడు రోజులు ఆమెకు అక్కర్లేకపోయింది. గుమాస్తా బల్ల దగ్గరే నిలబడి, అతని పెన్నే అడిగి తీసుకుని, మెమో వెనక రాసింది.

"నేను తీసింది వ్యర్థం కాదు, ఒక మనిషి రక్తం. మొదటి ప్లేటు మీద జిగురుగా ఉన్న అసలుదాన్ని వదిలేసి పొడిదాన్ని ఏరింది నేనే. ఏరమన్నది డైరెక్టరుగారు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టింది నేనే. దాని మీద అబద్ధం టైపు చేయించింది ఎవరో నాకు తెలియదు, విచారించి చెప్పగలరు. మేము ప్లేట్లు శుభ్రం చేసుకుంటున్న ఆ వారంలో ఒకామె చెవి పోయింది. దానికి సంజాయిషీ ఎవరు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా రాసి పంపించండి. ఒక నకలు తనిఖీ అధికారిణికి, ఒక నకలు చనిపోయిన అమ్మాయి ఇంటికి పంపుతున్నాను."

గుమాస్తా చదివాడు. "అమ్మా, ఇది లోపలికి పంపమంటారా? కొంచెం మెత్తగా రాస్తే..."

"అందిందని స్టాంపు వెయ్యి."

"ఆయన చూస్తే..."

"చూడ్డానికే రాశాను. వెయ్యి, తేదీ సరిగా పడేట్టు."

అతను స్టాంపు వేశాడు. తేదీ మసకగా పడింది. ఆమె కాగితం వెనక్కి తోసి మళ్ళీ వేయించింది.